పనస పలకాలి, పెట్టె పలకకూడదు

ఉత్తరాంధ్ర విన్న చప్పుళ్లు: 6వ భాగం

గత భాగం హరికథకులు ఆదిభట్ల నారాయణదాసు గారి గొంతు దగ్గర ఆపాం. మైకు లేకుండా, గజ్జెల మోతను దాటుకుని, చివరి వరుసలో కూర్చున్నవాడి చెవి దాకా వెళ్లిన గొంతు అది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి అధ్యక్షులు ఆయనే. అదే ఏడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పడానికి చేరారు. తర్వాత అదే కళాశాలలో ఘంటసాల చదువుకున్నారు. 1935లో అదే ఊళ్లో పి. సుశీల పుట్టారు. సాలూరు దగ్గర శివరామపురం నుంచి సాలూరి రాజేశ్వరరావు వచ్చారు. ఇంత పాట పండిన నేల మరొకటి చూపించడం కష్టం.

అయితే పాట పాడేవాళ్ల చరిత్ర రాశాం గానీ, ఆ పాటను మారుమూల ఊరి రావిచెట్టు దాకా మోసిన పరికరాలు ఎవరు చేశారో రాయలేదు. ఈ ప్రాంతంలో సామాన్యుడి ఇంటికి మంచి శబ్దం కొనుక్కున్న సరుకుగా రాలేదని నా అభిప్రాయం. బజారు వీధిలో పది అడుగుల రేడియో కొట్టులో, టంకం పొగ మధ్య, ఒక మనిషి చేత్తో కట్టి ఇచ్చిన వస్తువుగా వచ్చింది. బొబ్బిలి వీణ చేసేవాళ్లకు చరిత్రలో ఎంత చోటిచ్చామో, ఆంప్లిఫైయర్ కట్టినవాళ్లకూ అంత చోటివ్వాలి.

శబ్దాన్ని కరెంటుతో పెంచే పని ప్రపంచంలో మొదలై, ఈ కొట్లు వెలిసేనాటికి చాలా కాలమేమీ కాలేదు. 1915 క్రిస్మస్ ముందు రోజు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో, నగర భవనం ముందు చేరిన జనానికి లౌడ్‌స్పీకర్లలో పాటలు, ప్రసంగాలు వినిపించారు. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న కాగితపు కోను స్పీకరుకు మూలరూపాన్ని రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు 1925లో ప్రకటించారు. అయస్కాంతం నోట్లో రాగితీగ చుట్ట, దానికి అతికించిన కాగితపు గరాటు. వందేళ్ల దాకా గడిచినా స్పీకరంటే ఇప్పటికీ అదే.

మన వైపు మద్రాసు రేడియో 1938లో, విజయవాడ 1948లో, విశాఖపట్నం కేంద్రం 1963లో వచ్చాయి. విశాఖ కేంద్రం వచ్చేదాకా ఇచ్ఛాపురంలోనో పార్వతీపురంలోనో తెలుగు పాట వినాలంటే గరగర మధ్య చెవి రిక్కించాల్సిందే. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలైనా పల్లెలకు తీగలు చేరడం తర్వాతి దశాబ్దాల పని. అందుకే తొలినాటి మైకు సెట్టు కారు బ్యాటరీల మీద నడిచింది. పెళ్లికి మైకు కడితే ఎడ్లబండి మీద ముందు బ్యాటరీలు దిగేవి, తర్వాత వాల్వు ఆంప్లిఫైయరు, ఆఖరున గ్రామఫోను పెట్టె. బూర చెట్టెక్కేది. రేడియో ఇంట్లో పెట్టుకోవాలంటే తపాలా ఆఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టాలి. ఆ రోజుల్లో పంచాయతీ రేడియో ఒక్కటే ఊరంతటికీ చెవి.

ఆ వాల్వు పెట్టెలు పాడైతే బాగుచేసేవాడు కావాలి. అలా పుట్టింది రేడియో కొట్టు. శ్రీకాకుళం, విజయనగరం, ఆమదాలవలస, పలాస, బొబ్బిలి, రాజాం, ఏ ఊరైనా సరే, బాగుచేయడం నేర్చినవాడు కొన్నాళ్లకు సొంతంగా కట్టడం మొదలుపెట్టాడు. చదువు ఐటీఐలో కొంత, కొట్టులో చాలా. కుర్రాడు మొదటి ఏడాది టీ తెచ్చి, తీగ మీద ఎనామిల్ గీకి, పాత బోర్డుల నుంచి రెసిస్టర్లు ఊడదీసి, వాటి రంగుల పట్టీలు చదవడం నేర్చేవాడు. రెండో ఏట టంకం కాడ చేతికిచ్చేవారు.

కొత్తగా కట్టిన ఆంప్లిఫైయరుకు మొట్టమొదట కరెంటు ఇచ్చే ఘడియ ఈ విద్యలో అన్నిటికన్నా ముఖ్యమైంది. నేరుగా ప్లగ్గు పెట్టరు. బల్ల మీద చెక్కకు బిగించిన వంద వాట్ల బల్బు ఉంటుంది. కరెంటు ఆ బల్బు గుండా వెళ్లి పెట్టెలోకి పోవాలి. దాన్ని సిరీస్ బల్బు అంటారు. స్విచ్చి వేయగానే గురువు పెట్టె వైపు చూడడు, బల్బు వైపే చూస్తాడు.

"సూడరా గుంటా, ఎలిగే ఉందేటి?"

"లేదు గురూ, భగ్గుమని ఆరిపోనాది."

భగ్గుమన్నది కెపాసిటర్లు నిండినందుకు. ఆరిపోయింది లోపల ఎక్కడా షార్టు లేనందుకు. వెలుగుతూనే ఉంటే ఎక్కడో తీగ తప్పు కలిసిందన్నమాట. లోపలి ఖరీదైన ట్రాన్సిస్టర్లు మాడకుండా కరెంటు భారమంతా బల్బే మోస్తుంది. ఇరవై రూపాయల బల్బుతో వందల రూపాయల సామాను కాచుకున్న ఈ ఏర్పాటు ఏ కంపెనీ వాళ్లూ వచ్చి నేర్పింది కాదు. బల్బు ఆరాక బల్బును తప్పించి, స్పీకరు తగిలించి, ఇన్‌పుట్ పిన్ను మీద వేలు పెడతారు. బుయ్‌మని హమ్మింగు వచ్చిందా, పెట్టెకు ప్రాణం వచ్చినట్టే.

ఇక ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే మన ప్రాంతపు కరెంటు కథంతా అందులోనే ఉంది. కొట్టులోనే చుట్టుకునేవారు. లెక్క నోటికి వచ్చేది: కోరు నడిమి నాలుక వెడల్పును స్టాంపింగుల (ఇనుప రేకుల) దొంతర మందంతో హెచ్చవేసి, వచ్చిన చదరపు అంగుళాలతో 7ను భాగించు. వోల్టుకు ఎన్ని చుట్లో తేలుతుంది. ఒకటిన్నర అంగుళం వెడల్పు, ఒకటిన్నర మందం అయితే 2.25 చదరపు అంగుళాలు. వోల్టుకు 3.1 చుట్లు. 230 వోల్టుల ప్రైమరీకి సుమారు 716 చుట్లు. సెకండరీ 20-0-20 కావాలంటే ఒక్కో వైపు 62, లోడు పడ్డప్పుడు దిగే వోల్టేజీ కోసం ఇంకో మూడు నాలుగు. ఈ 7 అనే అంకె వెనక ఫారడే సూత్రం, 50 సైకిళ్ల కరెంటు, ఇనుము మోయగల అయస్కాంత బలం అన్నీ దాగి ఉన్నాయి. పుస్తకంలో పేజీడు సమీకరణం కొట్టులో ఒక్క భాగాహారంగా మారింది.

కానీ పుస్తకంలో లేని సంగతి ఒకటి ఉంది. దీపాలు పెట్టే వేళకు పల్లెల్లో 230 వోల్టులు ఉండేవి కావు. 180కి పడిపోయేవి. పాట నీరసించేది, గొంతు బొంగురుపోయేది. అందుకని ప్రైమరీలో 560వ చుట్టు దగ్గర ఇంకో తీగ బయటికి తీసి, వెనక ఒక స్విచ్చి పెట్టేవారు. సాయంత్రం స్విచ్చి 180 వైపు తిప్పితే పాట మళ్లీ నిటారుగా నిలబడేది. ప్రమాదం అర్ధరాత్రి వచ్చేది. ఊరు పడుకుని, మోటార్లు ఆగి, వోల్టేజీ ఒక్కసారిగా 230కి లేస్తుంది. స్విచ్చి తిప్పడం మరిచిపోతే సెకండరీలో 20 బదులు 25న్నర వస్తుంది. డీసీగా మారాక అటు 36, ఇటు 36, మొత్తం 72. ఆనాడు అందరూ వాడిన టూఎన్3055 ట్రాన్సిస్టరు తట్టుకునేది 60 వోల్టులు. అది షార్టవుతుంది, డీసీ సూటిగా స్పీకరులోకి పోతుంది, కాయిల్ మాడిన వాసన వస్తుంది. హరికథ మధ్యలో మైకు పోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. అనుభవం ఉన్నవాడు స్పీకరు దారిలో ఫ్యూజు పెట్టకుండా పెట్టె మూసేవాడు కాదు.

ఆ టూఎన్3055 గురించి రెండు మాటలు. అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ 1960ల్లో తెచ్చిన లోహపు టోపీ ట్రాన్సిస్టరు అది, కోడిగుడ్డును అడ్డంగా నొక్కినట్టు ఉంటుంది. టోపీయే కలెక్టరు కాబట్టి అల్యూమినియం హీట్‌సింకుకు నేరుగా తగలకూడదు. మధ్యలో పల్చటి అభ్రకం ముక్క, దానికి రెండు వైపులా తెల్లటి పేస్టు. అభ్రకం చిట్లితే సిరీస్ బల్బు వెంటనే చెప్పేస్తుంది. దీనికి జోడీగా ఉండాల్సిన వ్యతిరేక రకం పవర్ ట్రాన్సిస్టరు అప్పట్లో అరుదు, ఖరీదు. అందుకే రెండు వైపులా టూఎన్3055లే వాడి, డ్రైవరు దగ్గర మాత్రమే జోడీ కలిపే పద్ధతిని పట్టుకున్నారు. 1956లో హెచ్.సి. లిన్ అనే ఇంజినీరు ప్రకటించిన సర్క్యూటు అది. పేదరికానికి సరిపోయిన సర్క్యూటు కావడం వల్లే ఇక్కడ వేళ్లూనుకుంది. చిన్న పెట్టెలకు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఏసీ127, ఏసీ128 ఉండేవి.

సామాను ఎక్కడి నుంచి? పటం చూస్తే విజయనగరం హౌరా-మద్రాసు రైలు దారికి ఇంచుమించు నడిమధ్యన ఉంటుంది, అటూ ఇటూ 800 కిలోమీటర్ల పైచిలుకు. ఒక కొస కలకత్తా చాందినీ మార్కెట్టు, మరో కొస మద్రాసు రిచీ స్ట్రీటు. దేశంలో ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరున్న రెండు బజార్లకు మధ్య కూర్చున్న ఊళ్లు ఇవి. రెండిటికీ దూరమే, రెండిటికీ ఒకే రైలు దారి. ఆ దారిని ఆనుకున్న పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం స్టేషన్లకు సంచిలో స్పీకరు కోన్లు, కంట్రోళ్లు, ఐసీలు దిగడానికి ఒక రాత్రి ప్రయాణం చాలు.

ఇంట్లో కట్టుకోవడం మన లేమి వల్లనే వచ్చిందనుకోవద్దు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. 1947లో డి.టి.ఎన్. విలియమ్సన్ అనే యువ ఇంజినీరు ఒక రేడియో పత్రికలో 15 వాట్ల వాల్వు ఆంప్లిఫైయరు సర్క్యూటు ప్రచురించాడు. వచ్చిన శబ్దంలో కొంత తిప్పి మళ్లీ ఇన్‌పుట్‌కే ఇచ్చి తప్పులు దిద్దుకునే పద్ధతిని గట్టిగా వాడి, వక్రీకరణను వెయ్యిలో ఒక వంతుకు తెచ్చాడు. దాన్ని చూసి ప్రపంచమంతటా ఇళ్లల్లో కట్టారు. హైఫై అనే పిచ్చికి బీజం కర్మాగారంలో కన్నా వంటింటి బల్లల మీదే ఎక్కువ పడింది. మన దగ్గర ఢిల్లీ నుంచి 1969లో మొదలైన ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ పత్రిక సర్క్యూట్లు అందించింది. ఇంగ్లీషు చదవలేనివాళ్లు బొమ్మ చదివారు. సర్క్యూటు బొమ్మకు భాష అడ్డం కాదు.

పాట ఇళ్లకే కాదు, లారీలకూ చేరింది. సాలూరు లారీలకు పేరున్న ఊరు. ఘాటు రోడ్డెక్కి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు రాత్రంతా నడిపేవాళ్లకు పాట కాలక్షేపం కాదు, నిద్ర ఆపే మందు. అక్కడ సమస్య వేరు: ఉన్నది 12 వోల్టుల బ్యాటరీ. నాలుగు ఓంల స్పీకరుకు 12 వోల్టులతో మామూలు పద్ధతిలో నాలుగున్నర వాట్లకు మించి రావు, ఎంత గొప్ప ఐసీ వేసినా సరే. లెక్క అలాంటిది. ఇంజను హోరులో నాలుగున్నర వాట్లు ఎవరికి వినపడతాయి? దానికి జవాబు బ్రిడ్జి. రెండు ఆంప్లిఫైయర్లు ఒకే స్పీకరును చెరో కొస నుంచి పట్టుకుని, ఒకటి తోస్తుంటే రెండోది లాగుతుంది. స్పీకరు మీద వోల్టేజీ రెట్టింపు, శక్తి నాలుగింతలు. తొలుత టీబీఏ810, తర్వాత జపాను సాన్యో వారి ఎల్‌ఏ4440 ఈ పని చేశాయి. కంపెనీ లెక్క ప్రకారం 12 వోల్టులకు కాస్త పైన 4440 విడివిడిగా ఆరేసి వాట్లు ఇస్తుంది, బ్రిడ్జిలో 19. ఆ ఐసీ నంబరు తెలియని మెకానిక్కు ఈ ప్రాంతంలో ఉండడని ధైర్యంగా రాయగలను.

ఇప్పటిదాకా చెప్పింది కరెంటు కథ. శబ్దానికి అసలు పరీక్ష పెట్టె దగ్గర.

ఎనభై, తొంభైల్లో దర్జీ కొట్లలో, సెలూన్లలో, విద్యార్థుల గదుల్లో మట్టికుండ మూతి మీద బోర్లించిన స్పీకరు చూడని తెలుగువాడు తక్కువ. చాలామంది అది డబ్బులేని వాళ్ల తాత్కాలిక ఏర్పాటనుకుంటారు. కాదు, అందులో గట్టి భౌతికశాస్త్రం ఉంది. స్పీకరు కోను ముందుకు తోసినప్పుడు వెనక గాలిని పీలుస్తుంది. విడిగా బల్ల మీద పెడితే ముందు చప్పుడును వెనక చప్పుడు మింగేస్తుంది. 100 సైకిళ్ల బేస్ అల పొడవు మూడు మీటర్ల పైమాట, అది స్పీకరు అంచు చుట్టూ సులువుగా తిరిగి వస్తుంది. అందుకే ఒట్టి స్పీకరులో తబలా టకటక వినిపిస్తుంది గానీ దాని డగ్గా వినిపించదు. కుండ వెనక చప్పుడును బంధిస్తుంది. పైగా కుండ గోడ వంపు తిరిగి ఉంటుంది, ఎటు నొక్కినా వంగదు, అదరదు. చదును పలకలతో చేసిన చవక పెట్టె కన్నా ఈ విషయంలో కుండే మేలు. లోపలి గాలి స్ప్రింగులా పని చేస్తుంది. కుండ చిన్నదైతే స్ప్రింగు బిగుసుకుని గుబగుబమంటుంది, పెద్దదైతే బేస్ కిందికి దిగుతుంది. దూది కుక్కితే చిన్న కుండే కాస్త పెద్దదానిలా పని చేస్తుంది. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్, మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడి చిన్న పెట్టెలో లోతైన బేస్ సాధించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. మన కుండ ఆ సూత్రానికి బాగా దగ్గరి చుట్టం.

కొంచెం డబ్బు చేరాక కుండ పోయి చెక్క పెట్టె వచ్చింది. ఇక్కడే ఈ నేలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వారు తరతరాలుగా ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. కుండ, దండి వేరువేరుగా చేసి అతికించడం కాదు, అంతా ఒకే చెక్క. ఎందుకు పనస? తీగ కదలికను చెక్క అందుకుని తాను కూడా పలకాలి, ఆ పలుకు కాసేపు నిలవాలి, అందుకు. మంచి చెక్క అంటే మోగే చెక్క అని ఈ ప్రాంతపు చెవికి తెలుసు. స్పీకరు పెట్టెకు కావలసింది సరిగ్గా దీనికి తలకిందులు. పెట్టె చెక్క పలికిందంటే పాటలో లేని శబ్దం పాటలో చేరుతుంది. సుశీల గారి గొంతుకు చెక్క గొంతు తోడవుతుంది. పనస పలకాలి, పెట్టె పలకకూడదు. వీణ చేసిన చేతి అలవాటుతోనే స్పీకరు పెట్టె చేస్తే, చూడముచ్చటగా పల్చటి పలకలతో, పాడే పెట్టె తయారవుతుంది. కొత్తలో అది తీయగానే ఉంటుంది, అరగంట వింటే ఏ పాట పెట్టినా ఒకే రుచి.

తెలిసినవాళ్లు ఏం చేశారంటే, ముప్పావు అంగుళం ప్లైవుడ్డు తీసుకుని లోపల అడ్డకర్రలు బిగించారు, మూలలకు జిగురుతో పాటు పట్టీలు కొట్టారు, మూశాక పిడికిలితో కొట్టి చూశారు. డొల్లగా 'డంగ్'మంటే మళ్లీ విప్పి ఇంకో అడ్డకర్ర. 'ఠప్'మని మొద్దుగా పలికితే సరే. ముందు పలకకు రంధ్రం పెట్టి గొట్టం దూర్చి, వెనక గాలిని కూడా పనిలోకి దింపే బేస్ రిఫ్లెక్సు పద్ధతిని 1930ల్లో ఆల్బర్ట్ థురాస్ పేటెంటు చేశాడు. ఏ స్పీకరుకు ఎంత పెట్టె, ఎంత గొట్టం కావాలో లెక్కగా తేల్చింది ఆస్ట్రేలియా వాడైన నెవిల్ థీల్ 1961లో, ఆయన బాటలో రిచర్డ్ స్మాల్ 1970ల్లో. మన కొట్లలో ఆ పట్టికలు లేవు. ప్లాస్టిక్ పైపు పొడుగ్గా కోసి దూర్చి, వింటూ వింటూ అంగుళం చొప్పున తగ్గించుకుంటూ పోయేవారు. దారి వేరు, చేరిన చోటు మాత్రం చాలాసార్లు అదే.

రెండు స్పీకర్లున్నప్పుడు ఒకటి ముందుకు తోస్తుంటే రెండోదీ ముందుకే తోయాలి. ప్లస్సు గుర్తు చెరిగిపోయిన స్పీకరుకు టార్చి బ్యాటరీ ఒకటి తాకించి, కోను బయటికి దూకితే బ్యాటరీ ప్లస్సు తగిలిన కొసకు ఎర్రరంగు చుక్క పెట్టేవారు. ఖర్చు లేదు, తప్పు జరగదు.

సముద్రపు గాలి ఈ విద్యకు పెద్ద శత్రువు. భావనపాడు నుంచి భీమిలి దాకా తీరం వెంబడి ఊళ్లలో వాల్యూం కంట్రోలు ఏడాది తిరిగేసరికి కరకరమంటుంది. కాగితపు కోను వానాకాలంలో చెమ్మ పీల్చి బరువెక్కుతుంది. విదేశీ స్పీకర్ల అంచుకు వాడే నురుగు రబ్బరు ఉక్కకు పిండి పిండిగా రాలిపోతుంది. ఇక్కడి వాళ్లు గుడ్డ అంచునే నమ్ముకున్నారు. అది మెత్తగా ఊగదు, బేస్ అంత లోతుకు దిగదు, కానీ పాతికేళ్లు ఉంటుంది. నా మటుకు అది సరైన ఎంపిక. మాడిన స్పీకరుకు కొత్త కాయిల్ వేసేటప్పుడు, కాయిల్‌కూ నడిమి ఇనుముకూ మధ్య పాత ఎక్స్‌రే ఫిల్ము పట్టీలు దూర్చి, నాలుగు వైపులా సమానంగా నిలబెట్టి, కోను అతికించి, జిగురు ఆరాక పట్టీలు లాగేసేవారు. వెంట్రుకంత అటూ ఇటూ అయినా కాయిల్ రుద్దుకుంటుంది. అంత సన్నని కొలత పరికరం లేకుండా, ఆసుపత్రిలో పనైపోయిన ఫిల్ముతో సాధించారు.

ఈ విద్యను దెబ్బతీసింది తొంభైల్లో వచ్చిన అట్టపెట్టెల సరుకు. చేతిలో పట్టుకుపోయే టేపు రికార్డరు మీద వెయ్యి వాట్లని అచ్చువేశారు. పీఎంపీఓ అనే నాలుగక్షరాల మాయతో, క్షణంలో ఎప్పుడో ఒకసారి, లెక్కల్లో మాత్రమే ఉండే శక్తిని వాట్లుగా అమ్మారు. కొట్టువాడు ముప్ఫై వాట్లని చెప్పి ముప్ఫై ఇచ్చాడు. అచ్చువేసిన వెయ్యి ముందు ఆ ముప్ఫై ఓడిపోయింది. ఇది అన్యాయమని అప్పుడు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

పోనివి కూడా ఉన్నాయి. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవానికి, పల్లె జాతరలకు, తప్పెటగుళ్ల ప్రదర్శనలకు కావలసిన పెద్ద పెట్టెలు నేటికీ చాలావరకు ఇక్కడి వడ్రంగులూ మెకానిక్కులూ కలిసి కట్టేవే. పద్దెనిమిది అంగుళాల స్పీకర్లు నాలుగైదు వరుసలు పేర్చిన డీజే బండి వెళ్తుంటే కిటికీ అద్దాలు వణుకుతాయి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు, నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్ దాటకూడదు. ఆ నియమం అవసరమే. గుండెజబ్బు మనిషి ఉన్న ఇంటి ముందు పద్దెనిమిది అంగుళాల బేస్ ఏ కళా కాదు. కానీ ఆ పెట్టె కట్టిన చేతికి, దాన్ని ఎక్కడ ఎంత మోగించాలో తెలియని చేతికి తేడా ఉంది. నేరం మొదటిదాని మీద వేయకూడదు.

ఇప్పటి కుర్రాళ్లు అరచేతిలో పట్టే క్లాస్-డీ బోర్డు తెప్పించుకుంటున్నారు. అది పాత పెట్టెలా కరెంటును వేడిగా తగలేయదు, హీట్‌సింకు పెద్దగా వేడెక్కదు. ట్రాన్స్‌ఫార్మరు బదులు పాత లాప్‌టాప్ చార్జరు. ఫోను నుంచి పాట తీగ లేకుండానే వస్తుంది. 716 చుట్లు లెక్కపెట్టే పని పోయింది. పెట్టె పని మాత్రం ఎక్కడికీ పోలేదు: ప్లైవుడ్డు, అడ్డకర్రలు, గొట్టం పొడవు, పిడికిలి దెబ్బ, అన్నీ అలాగే ఉన్నాయి. గాలి కదలాల్సిన లెక్క 1925లో ఎంతో ఇవాళా అంతే.

వచ్చే భాగంలో: కేసెట్ల కాలం. ఒక టేపు నుంచి ఇంకో టేపుకు పాటలు ఎక్కించి ఇచ్చిన రికార్డింగు సెంటర్లు, జముకుల కథలూ బుర్రకథలూ కేసెట్లలోకి ఎక్కిన తీరు.